చూపు ఎవరిది, మాట ఎవరిది?

పెద్దవాని మాట వినవలెనా, తెలిసినవాని మాట వినవలెనా అను ప్రశ్న పాతది. 1978 జనవరి 1న బొంబాయి నుండి దుబాయికి లేచిన ఎయిర్ ఇండియా బోయింగ్ 747 విమానము 'ఎంపరర్ అశోక'లో అది ప్రాణములతో ముడివడినది.

కడలిపై చీకటి, దిగంతము కానరాదు. విమానము ఎటు ఒరిగినదో తెలుపు సాధనమే కెప్టెనుకు కన్ను. అది చెడి, విమానము సమముగా నున్నను కుడికి ఒరిగినట్లు చూపెను. అతడు ఎడమకు త్రిప్పెను. సహచాలకుడు తన సాధనమును తిరుగబడినదనెను. మూడవ సాధనమును చూడుమని ఫ్లైట్ ఇంజనీరు హెచ్చరించెను. ఆలకించు వ్యవధి మిగులలేదు. 213 మంది సముద్రము పాలైరి.

దోషము యంత్రముదా, నడిపినవానిదా యని నిపుణులు వాదించుకొనిరి. 1985లో అమెరికా న్యాయస్థానము నిర్మాతలపై నిర్లక్ష్యాభియోగమును త్రోసిపుచ్చినది. తీర్పు వ్యాజ్యమును ముగించినది గాని ప్రశ్నను ముగించలేదు.

అనుభవ మంటపమున కులము నడుగక, పడవ నడుపు అంబిగర చౌడయ్య మాటను ఆలకించిరి. అచ్చట వ్యవధి కలదు. ఈ కెప్టెనుకు అదియే కరవైనది. అతనిని గర్వి యనుట తొందరపాటు. చీకటిలో దేహమునకు తోచినది నమ్మరాదు, సాధనమునే నమ్మవలెనని వైమానికులకు నేర్పుదురు. అతడు తొలుత ఆ పాఠమునే పాటించెను.