క్షేమానికి అయ్యే ఖర్చు

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలోని యోగక్షేమమనే జంటపదానికి శంకరాచార్యులు తమ భాష్యంలో, లేనిదాన్ని పొందడం యోగమని, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమమని అర్థం విడదీసి చెప్పారు. తెలుగువారు ఉత్తరాల్లో అందరం క్షేమమని రాసుకునేటప్పుడు ఆ మాట కుశలాన్నే సూచిస్తుంది గాని, కాపాడడమనే క్రియ, దానికి పట్టే శ్రమ, దానికి పోసే డబ్బు అందులోనే ఇమిడి ఉన్నాయన్న సంగతి స్ఫురించదు. యోగానికి అయ్యే ఖర్చు నలుగురికీ కనిపిస్తుంది; ఇల్లు కొంటే ధర చెప్పుకుంటారు, గృహప్రవేశానికి బంధువులను పిలుస్తారు. క్షేమానికి అయ్యే ఖర్చు అలాంటిది కాదు, ఎందుకంటే అది చేతికి కొత్తగా ఏమీ ఇవ్వదు, ఉన్నది పోకుండా చూడడమే దాని ఫలం. ఈ ఖర్చు ఎంతవరకు ధర్మం, ఎక్కడినుంచి మమకారం అన్న ప్రశ్నను పరీక్షించడానికి పెద్ద పెద్ద కట్టడాల అవసరం లేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ నగరం చుట్టూ ఉన్న ఇళ్లకు వేసిన చెక్క కంచెలు, ఇంటి వెనుక బల్లలు పరచి కట్టుకునే, డెక్ అని పిలిచే అరుగులు ఇందుకు సరిపోతాయి.

డెన్వర్ సముద్రమట్టానికి సరిగ్గా ఒక మైలు, అంటే సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. వాననూ మంచునూ కలుపుకున్నా అక్కడ ఏడాదికి పడేది సగటున 400 మిల్లీమీటర్లకు లోపే. కరవుసీమగా పేరుపడిన అనంతపురానికి కూడా దాదాపు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. ఈ కిరణాలు చెక్కలోని లిగ్నిన్‌ను, అంటే చెక్క పోగులను ఒకదానికొకటి అతికించి ఉంచే సహజమైన జిగురును విరగ్గొడతాయి. విరిగిన జిగురును వాన కడిగేయగా పైన మిగిలిన పోగులు బూడిదరంగులో కనిపిస్తాయి. చూసేవారికి ఇది చెక్క చచ్చిపోయినట్టు తోస్తుంది. అయితే విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1910 నుంచి పనిచేస్తున్న అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల లెక్క ప్రకారం, ఏ పూతా లేని మెత్తజాతి కలప పైపొర ఇలా అరిగేది నూరేళ్లకు సుమారు ఆరు మిల్లీమీటర్లు, సెడార్ వంటి తేలిక కలపలో అంతకు రెట్టింపు వరకు. చెక్కను నిజంగా నాశనం చేసేది కుళ్లు. దానికి కారణమైన బూజుకు తేమ కావాలి. చెక్కలో తేమ ఇరవై శాతానికి లోపు ఉన్నంతకాలం అది తలెత్తలేదు. ఎండ నేలలో కంచె బద్దలు ఏడాదిలో ఎక్కువ కాలం అంతకన్నా పొడిగానే ఉంటాయి. తడి దేశంలో రంగు వేసేవాడు చెక్కను కాపాడుతున్నానని ధైర్యంగా చెప్పుకోవచ్చు. పొడి దేశంలో ఆ సమాధానం సగానికి పైగా జారిపోతుంది, వేసిన రంగు చెక్క కోసమా, చూసే కంటి కోసమా అన్న ప్రశ్న మిగులుతుంది.

ఖర్చు సంగతి కూడా ముందే తేల్చుకోవడం మంచిది. ఆరడుగుల ఎత్తు, నూట యాభై అడుగుల పొడవు ఉన్న కంచెకు ఒక ముఖం 900 చదరపు అడుగులు, రెండు ముఖాలూ కలిస్తే 1,800. నునుపైన గోడ మీద ఒక గ్యాలన్ రంగు, అంటే సుమారు 3.8 లీటర్లు, నాలుగు వందల చదరపు అడుగుల దాకా వస్తుంది గాని, ఎండి గరుకెక్కిన చెక్క రంగును తాగేస్తుంది కాబట్టి అందులో సగమే లెక్కవేసుకోవాలి. ఆ లెక్కన రెండు పూతలకు పద్దెనిమిది గ్యాలన్లు పడతాయి. గ్యాలన్ నలభై డాలర్లనుకుంటే రంగు ఒక్కటే 720 డాలర్లవుతుంది. కడగడం, ఆరనివ్వడం, పాత పెచ్చులు గీకడం, శాండ్‌పేపర్‌తో రుద్దడం అన్న పనుల కూలి సాధారణంగా ఈ మొత్తాన్ని మించిపోతుంది. పైగా ఎండలో కాలిన బల్ల మీద రంగు చెక్కను పట్టుకోకముందే ఆరిపోతుంది కనుక, తెలిసిన పనివారు ఉదయం పడమటి ముఖానికి, మధ్యాహ్నం తూర్పు ముఖానికి నీడను వెంబడిస్తూ వేస్తారు. దానివల్ల పని రోజులు పెరుగుతాయి. నిలువుగా ఉండే కంచె మీద పూత కొన్నేళ్లు నిలుస్తుంది గాని, మిట్టమధ్యాహ్నపు ఎండను నేరుగా మోస్తూ, మంచును నిలవేసుకుంటూ, కాళ్ల రాపిడికి గురయ్యే డెక్ మీద రెండు మూడేళ్లకే మళ్లీ పని పడుతుంది.

ఈ మళ్లీ మళ్లీ వేయడాన్నే ఆంగ్ల రచయిత జి.కె. చెస్టర్టన్ 1908లో వెలువరించిన ‘ఆర్థడాక్సీ’ అనే మతచింతన గ్రంథంలో దృష్టాంతంగా తీసుకున్నారు. తెల్లరంగు వేసిన గుంజను ఉన్నదున్నట్టు వదిలేస్తే అది ఉన్నట్టు ఉండదని, కొంతకాలానికి నల్లబడుతుందని, తెల్లగానే ఉండాలంటే మళ్లీ మళ్లీ రంగు వేస్తూనే ఉండాలని, కాబట్టి పాతదాన్ని నిలుపుకోవడమంటే దాన్ని నిత్యం కొత్తగా చేసుకోవడమేనని ఆయన వాదం. వాదం బలమైనదే, ముఖ్యంగా సంప్రదాయాన్ని ముట్టుకోకుండా ఉంటే చాలునని భావించేవారికి అది తగిన జవాబు. కాని గుంజ తెల్లగా ఉండాలని కోరుకుంటే అన్న షరతును ఆయన ఒక చిన్న మాటలో దాటిపోయారు. అది తెల్లగానే ఎందుకుండాలి? తేమకూ పొగకూ అలవాటుపడిన ఇంగ్లండులో ఆ ప్రశ్న అంతగా తలెత్తకపోవచ్చు. రంగు లేని కంచె నూరేళ్లకు ఆరు నుంచి పన్నెండు మిల్లీమీటర్లు మాత్రమే పోగొట్టుకునే నేలలో అదే అసలు ప్రశ్న.

దీనికి సమాధానం వెతకడంలో పూర్వమీమాంస ఇచ్చే సహాయం మరే దర్శనమూ ఇవ్వదు. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే ఆ శాస్త్రం కర్మలను విభజిస్తూ, ఒక ఫలాన్ని కోరి చేసేదాన్ని కామ్యకర్మ అని, సంధ్యావందనంలా ప్రతిదినమూ విధిగా చేయవలసినదాన్ని నిత్యకర్మ అని పిలుస్తుంది. నిత్యకర్మ చేసినందువల్ల కొత్తగా స్వర్గమో సంపదో రాదు. చేయకపోతే ప్రత్యవాయం, అంటే విధిని తప్పినందువల్ల కలిగే దోషం, వస్తుందని భాట్టులనే మీమాంసక శాఖవారు చెప్పగా, విధి కనుక చేయాలి, అంతకు మించి ఫలం వెతకనక్కరలేదని ప్రాభాకరులనే మరో శాఖవారు అన్నారు. కంచెకు మూడో సారో నాలుగో సారో రంగు వేసే గృహస్థు స్థితి ఇదే: లాభం లేదు, మానితే నష్టం. అయితే ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. మొదటిసారి వేసిన పూత నిత్యం కాదు, కామ్యం; ఎవరూ విధించలేదు, అందం కోరి చేసిన పని. కామ్యకర్మను మొదలుపెట్టడం కర్త ఇష్టమే గాని, మొదలుపెట్టాక మధ్యలో విడిచిపెట్టడానికి వీల్లేదని మీమాంసకులు నిర్ణయించారు. రంగు విషయంలో ఈ నిర్ణయం అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే పూత లేని చెక్క సమంగా నెరుస్తుంది గాని పెచ్చులూడదు, పెచ్చులూడడం రంగుతో పుట్టిన రోగం. పైగా పగిలిన పొర కింద చేరిన నీరు తొందరగా ఆరిపోయే దారిలేక, అసలు రంగే లేనప్పటికంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. డబ్బా మూత తెరిచినవాడు ఒక వ్రతం పట్టినవాడే. ఖర్చును లెక్కించవలసింది ఆ మొదటి రోజున, పదో ఏట కాదు.

నిత్యకర్మ మానితే దోషం పుడుతుందన్న మాటను తైత్తిరీయోపనిషద్భాష్యం ఆరంభంలో శంకరాచార్యులు ఒప్పుకోలేదు; చేయకపోవడం అభావం, దోషం భావం, అభావం నుంచి భావం పుట్టదని, చేయకపోవడం మునుపటి దోషానికి గుర్తు మాత్రమేనని ఆయన తర్కం. సెలవురోజుల్లో కంచె వైపు చూసి తప్పు చేసినట్టు బాధపడే ఇంటి యజమానికి ఈ తర్కం నిజమైన ఊరట. రంగు వేయకపోవడం చెక్కను పాడుచేయదు. పాడుచేసేది ఉంటే ఎండ, నీరు, పురుగు, బూజు. అందువల్ల అడగవలసింది ఎన్నేళ్లుగా రంగు వేయలేదన్నది కాదు, ఎక్కడ ఏ కారణం పనిచేస్తున్నదన్నది. బల్లలు కోసిన కొసల ద్వారా నీరు వేగంగా లోపలికి ఇంకుతుంది. డెక్ చేతిపట్టె పగిలితే పిల్లల అరచేతుల్లో చెక్కపేళ్లు దిగుతాయి. మెట్టు వదులైతే వృద్ధులు పడిపోతారు. ఈ చోట్ల చేసే ఖర్చు నిస్సందేహంగా క్షేమధర్మం. బూడిదరంగు అలాంటిది కాదు. సిద్ధార్థుడి కథలో ముసలివాడు, రోగి వేర్వేరు దర్శనాలుగా కనిపిస్తారు, ఎందుకంటే జర వేరు, వ్యాధి వేరు. నెరవడం కలప జర, కుళ్లడం దాని వ్యాధి. జరను వ్యాధిగా పొరబడి చేసే చికిత్సకు అంతు ఉండదు.

పతంజలి యోగసూత్రాల్లో అపరిగ్రహమనే యమానికి, అంటే అవసరాన్ని మించి వస్తువులను స్వీకరించకపోవడమనే నియమానికి వ్యాసభాష్యం చెప్పిన కారణాలు ఈ సందర్భంలో ఆశ్చర్యం కలిగించేటంత సూటిగా ఉన్నాయి. వస్తువులను ఆర్జించడంలోనే కాక రక్షించడంలోను, అవి క్షయించడంలోను, వాటితో పెరిగే సంగంలో, అంటే మమకారంలోను, వాటివల్ల జరిగే హింసలోను దోషం ఉందని ఆ భాష్యం అంటుంది. రక్షణను కూడా దోషాల్లో చేర్చడం గృహస్థ జీవితానికి కొంత కఠినమే. యోగసాధకుడికి చెప్పిన ఈ మాటను గృహస్థు యథాతథంగా తీసుకోనక్కరలేదు గాని, కంచె కొనే రోజున దాని ధరలో రక్షణను కూడా చేర్చి చూసుకోమన్న హెచ్చరికగా తీసుకోవచ్చు. హింస మాటా కల్పన కాదు: 1978లో అమెరికా ప్రభుత్వం ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించేవరకు గోడల పెచ్చులు పిల్లల ఒంట్లోకి విషంగా వెళ్లాయి, ఈనాటికీ పాత పొరలు గీకేవారు ముక్కుకు రక్షణ లేకుండా పని చేయకూడదు. ఇక సంగం అనేది కేవలం యజమానిది కాదు. డెన్వర్ శివార్లలో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలతో సహా అనేకులు ఇళ్ల యజమానుల సంఘాల నియమాలకు కట్టుబడి ఉంటారు. కంచె ఏ రంగులో ఉండాలో అవి నిర్ణయిస్తాయి, వెలిసిపోతే నోటీసు పంపుతాయి. అక్కడ రంగు సమాజపు కంటికి చెల్లించే పన్ను అవుతుంది. పొరుగువారితో కలిసి బతకడానికి చెల్లించేది గనుక దానికీ ఒక విలువ ఉంది. కాని దాన్ని చెక్క రక్షణ అనుకోవడం పొరపాటు.

పూత పోవడాన్ని ఓటమిగా చూడని సంప్రదాయం తెలుగునేల మీదనే ఉంది. తెల్లవారుజామున కళ్లాపి చల్లి పెట్టిన ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతే ఎవరూ బాధపడరు, ఎందుకంటే చెరగడం కూడా ముగ్గులో భాగమే. తిరుమలలో ఏటా నాలుగుసార్లు, ఉగాదికి, ఆణివార ఆస్థానానికి, బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి ముందు జరిగే కోయిల్ ఆళ్వార్ తిరుమంజనంలో మూలమూర్తిని వస్త్రంతో కప్పి, ఆలయాన్ని శుద్ధిచేసి, పచ్చకర్పూరం, కస్తూరిపసుపు, కిచ్చిలిగడ్డ వంటివి కలిపిన పరిమళాన్ని గోడలకు పూస్తారు. ఆ పూత శాశ్వతంగా నిలవాలని ఎవరూ ఆశించరు. దాని గడువు ముందే నిర్ణయమై ఉంది, పని పండుగకు అతుక్కుని ఉంది, చేసే చేతులకు అది సేవ. గడువు తెలిసిన క్షేమం భారంగా ఉండదు.

ఎండ నేలలో చెక్కకు మందమైన రంగు వేయకపోవడమే మేలన్నది ఈ విచారణలో తేలే తీర్పు. తప్పనిసరైతే చెక్కలోకి ఇంకి, పెచ్చులూడకుండా క్రమంగా వెలిసిపోయే స్టెయిన్ అనే పలుచని పూతను ఎంచుకోవాలి. ఇదివరకే రంగు వేసినవారు పట్టిన వ్రతాన్ని సాగించాలి, లేదా ఒకసారి పూర్తిగా గీకించి దాన్నుంచి విడుదల పొందాలి. మిగిలిన డబ్బును మెట్లకు, చేతిపట్టెలకు, ముఖ్యంగా గుంజలకు వెచ్చించాలి. చెక్క కంచెలు సాధారణంగా కూలేది బద్దల మీది రంగు పోయినందువల్ల కాదు, మట్టిలో పాతిన గుంజల మొదళ్లు కుళ్లినందువల్ల. పైన బద్దలకు వేసిన ఏ రంగూ ఆ మొదళ్లను చేరదు.