పండగ మర్నాడు ఎవరి సెలవు?

చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్' చదివినవాళ్లకి పిసినారి స్క్రూజ్ మనసు మారడం గుర్తుంటుంది. మర్నాడు పొద్దున ఆఫీసులో ఏం జరిగిందో అంతగా గుర్తుండదు. క్రిస్మస్ రోజున జీతం కోయకుండా సెలవివ్వడమే దండగ అనుకున్న స్క్రూజ్, మర్నాడు మాత్రం మరింత పెందలాడే రావాలని గుమాస్తా బాబ్ క్రాచిట్‌కి ముందే చెప్పి పంపాడు. బాబ్ పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా ఉరుకులు పరుగుల మీద వచ్చిపడ్డాడు. స్క్రూజ్ కాసేపు కోపం నటించి, హడలగొట్టి, ఆనక జీతం పెంచుతున్నానన్నాడు. అంత మారిన మనిషి కూడా ఇవాళ ఇంటికి పొమ్మని అనలేదు. డిసెంబరు 26 అతని లెక్కలోనే కాదు, అప్పటి లండన్ గుమాస్తాల్లో చాలామంది లెక్కలోనూ పనిరోజే.

అది చట్టప్రకారం సెలవు కావడానికి ఇంకో 28 ఏళ్లు పట్టింది. 1871లో సర్ జాన్ లబ్బాక్ అనే పార్లమెంటు సభ్యుడు బ్యాంకు సెలవుల చట్టం తెచ్చాడు. ఆయన బ్యాంకరు, డార్విన్‌కి ఇరుగుపొరుగు, చీమల మీదా తేనెటీగల మీదా పరిశోధన చేసిన పెద్దమనిషి. ఆ చట్టంతో ఇంగ్లండ్, వేల్స్, ఐర్లండ్‌లలో డిసెంబరు 26 సెలవుల జాబితాకెక్కింది. జనం సంబరపడి ఆ సెలవులకు 'సెయింట్ లబ్బాక్ దినాలు' అని సరదాగా పేరు కూడా పెట్టుకున్నారు. సంబరపడనివాళ్లూ ఉన్నారు. బెర్ట్రండ్ రస్సెల్ 1932లో సోమరితనాన్ని మెచ్చుకుంటూ రాసిన వ్యాసంలో చిన్ననాటి సంగతొకటి చెబుతాడు. పేదవాళ్లకు సెలవులెందుకు, పని చేసుకోక, అని ఒక ముసలి డచెస్ విసుక్కోవడం ఆయన చెవిన పడిందట.

చట్టానికి ముందు కూడా ఆ రోజుకొక ఆనవాయితీ ఉండేది. 25న పెద్దిళ్లలో విందు వండి, వడ్డించి, గిన్నెలు తోమిన పనివాళ్లు మర్నాడు తమవాళ్ల దగ్గరికి వెళ్లేవారు. చేతిలో యజమాని ఇచ్చిన పెట్టె ఉండేది. దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లూ పండగ ముందు డబ్బా పెట్టేవారు. శామ్యూల్ పీప్స్ 1663 డిసెంబరులో చెప్పుల దుకాణంలో బాకీ తీర్చి, కుర్రాళ్ల డబ్బాలో పండగకని ఏదో వేశానని డైరీలో రాసుకున్నాడు. బాక్సింగ్ డే అనే పేరు ఈ పెట్టెల వల్లే వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. చర్చి పంచాంగంలో అది స్తెఫను దినం. రాళ్ల దెబ్బలకు ప్రాణం వదిలిన సాక్షిగా ఆయన పేరు తెలుసుగానీ, బైబిల్లోని అపొస్తలుల కార్యముల్లో ఆయనకు మొదట అప్పగించిన పని అన్నం పంపకం. యెరూషలేములో రోజూ జరిగే పంపిణీలో కొందరు విధవరాండ్రకు వాటా అందడం లేదని గొడవ వస్తే, ఆ పని చూడటానికి ఎన్నుకున్న ఏడుగురిలో స్తెఫను ఒకడు.

తెలుగు పల్లెకు ఈ మర్నాడు కొత్తది కాదు. సంక్రాంతి మర్నాడు కనుమ. ఏడాదంతా చాకిరీ చేసిన ఎద్దుల్ని ఆ రోజు కాడి కట్టకుండా కడిగి, కొమ్ములకు రంగులేసి, మెడలో గంటలు కట్టి పొంగలి పెడతారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ప్రయాణాలు పెట్టుకోరు. ఎద్దుకి విశ్రాంతి, కాకికీ విశ్రాంతి. వంటింట్లో మాత్రం మినప్పప్పు రుబ్బడం, గారెలు వేయడం, కోడి కూర దించడం ఆ పూట కూడా ఆగవు. పండగ మర్నాడు విశ్రాంతి అన్న మాట ఎక్కడ విన్నా, ఆ విశ్రాంతిని ఎవరు వండి పెడుతున్నారో చూడాలనిపించేది ఇందుకే.

ఇవాళ లండన్‌లోనైనా, టొరంటోలోనైనా, సిడ్నీలోనైనా 26 పొద్దున ఇంటింటా తేలాల్సిన సంగతి ఒకటే: బజారుకి వెళ్లడమా, కాళ్లు చాపుకుని కూర్చోవడమా. అక్కడి తెలుగిళ్లలో ఈ చర్చ ఇంకాస్త గట్టిగానే సాగుతుంది. సంక్రాంతికి ఇంటికెళ్లేవాళ్లకి బంధువులందరికీ పట్టుకెళ్లాల్సినవి ఉంటాయి. ఫలానా చోట టీవీ సగం ధరకే వస్తోందని వాట్సాప్‌లో తెల్లవారకముందే కబురొస్తుంది.

బజారు ఆ రోజే ఎందుకు అంత తియ్యగా పిలుస్తుందంటే, దుకాణదారుకి 25 దాటాక మిగిలిన పండగ సరుకు బరువు. ఎర్ర స్వెటరుకి జనవరిలో గిరాకీ ఉండదు, అలమరలో చోటు మాత్రం కావాలి. కొనేవాడి వైపు చూస్తే జేబులో ముందురోజు చేరిన గిఫ్ట్ కార్డులుంటాయి, ఒడిలో అక్కరకు రాని కానుకలుంటాయి. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త 1993లో యేల్ విద్యార్థుల్ని వాళ్లకొచ్చిన కానుకలకు వాళ్లే ఎంత విలువ కడతారని అడిగాడు. పెట్టిన ఖర్చులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాళ్ల లెక్కలో ఆవిరైపోయిందని తేల్చాడు. పిల్లవాడికి పట్టని చొక్కా పట్టుకుని 26న దుకాణం ముందు నిలబడ్డ తండ్రి ఆ నష్టాన్ని కొంతైనా పూడ్చుకుందామని వచ్చినవాడే. అతన్ని అత్యాశపరుడని అనడానికి లేదు.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఇంకో మూడు సంచులు ఎందుకున్నాయన్నది వేరే సంగతి. రిచర్డ్ థేలర్ 1985లోనే దీన్ని విప్పి చెప్పాడు. వస్తువు వల్ల వచ్చే సుఖం ఒకటి, చవగ్గా కొట్టేశామన్న సుఖం ఇంకొకటి. రెండోదానికి వస్తువుతో పని లేదు. గీత కొట్టిన 120 పౌండ్ల ధర పక్కన 60 అని రాసి ఉంటే, అవసరం లేని కోటు కూడా 60 పౌండ్లు సంపాదించి పెట్టినట్టే అనిపిస్తుంది. ఖర్చయిన 60 పౌండ్ల సంగతి బ్యాంకు స్టేట్‌మెంటు వచ్చినప్పుడు చూసుకుంటారు.

పైగా కొన్న వస్తువు టైము కూడా అడుగుతుంది. స్వీడన్ ఆర్థికవేత్త స్టాఫాన్ లిండర్ 1970లో తీరిక చాలని తీరికవర్గం గురించి ఒక పుస్తకం రాశాడు. ఆదాయం పెరిగేకొద్దీ వస్తువులు పెరుగుతాయి, వాటిని వాడటానికి, తుడవడానికి, బాగు చేయించడానికి ఉన్న గంటలు మాత్రం పెరగవన్నది ఆయన వాదన. 26న కొన్న కాఫీ మిషను ఏప్రిల్‌లో కూడా పెట్టెలోనే ఉన్న ఇల్లు ప్రతి వీధిలో ఒకటుంటుంది.

అలాగని కూర్చోవడమే గొప్ప అనేయడానికీ లేదు. పని నుంచి మనిషి ఎలా తేరుకుంటాడన్న దాని మీద జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త సబీనె జోనెంటాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ కలిసి 2007లో నాలుగు సంగతులు చెప్పారు: పని ఊసు మనసులోకి రాకపోవడం, ఒళ్లు సడలడం, కొత్తదేదో నేర్చుకోవడం, ఆ గంటలు ఎలా గడపాలో తానే నిర్ణయించుకోవడం. ఈ నాలుగోది చూస్తే చాలా ఇళ్ల గుట్టు బయటపడుతుంది. 25న ఇరవైమంది బంధువులకు వండిన ఇల్లాలికి 26న ఇంట్లో ఉండటమంటే మిగిలిన కూరలు వేడిచేయడం, దుప్పట్లు ఉతకడం, సోఫాలో పడుకున్నవాళ్లకి మూడోసారి టీ ఇవ్వడం. ఆమె రోజులో తన నిర్ణయమంటూ ఏదీ ఉండదు. బయటికెళ్లి రెండు గంటలు ఏమీ కొనకుండా దుకాణాలు చూసుకుంటూ తిరగడమే ఆమెకు దొరికే తీరిక కావచ్చు. ఒంటరిగా ఉండే ముసలాయనకీ అంతే. బ్రిటన్‌లో 25న రైళ్లు ఉండవు, 26న చాలా మార్గాల్లో ఉండవు. తెరిచిన దుకాణంలో బిల్లు వేసే అమ్మాయి పలకరించిన పలకరింపే రెండు రోజుల్లో ఆయన విన్న మొదటి మాట అయ్యే అవకాశముంది.

నెదర్లాండ్స్ ఈ రెంటినీ కలిపేసింది. అక్కడ 26ని రెండో క్రిస్మస్ అంటారు. ఆ రోజు కుటుంబమంతా కలిసి ఊరి చివరి ఫర్నిచర్ దుకాణాలకు వెళ్లడం పెద్ద అలవాటు. పిల్లలు పరుపుల మీద గెంతుతారు, పెద్దలు సోఫాల్లో కూర్చుని చూస్తారు. విశ్రాంతి కూడా దుకాణంలోనే. పక్కనున్న జర్మనీలో అదే రోజు దుకాణాలకు చట్టమే తాళం వేస్తుంది.

బజారు, ఇల్లు కాక మూడో దారి కూడా ఎప్పట్నుంచో ఉంది. క్లబ్బుల మధ్య తొలి ఫుట్‌బాల్ మ్యాచ్‌గా చెప్పే షెఫీల్డ్, హాలమ్ జట్ల ఆట 1860 డిసెంబరు 26నే జరిగింది. సిడ్నీ నుంచి హోబర్ట్‌కి తెరచాప పడవల పందెం 1945 నుంచి అదే రోజు బయల్దేరుతుంది. మెల్‌బోర్న్‌లో బాక్సింగ్ డే టెస్టు మొదలవుతుంది. 2024 టెస్టుకి ఐదు రోజుల్లో 3,70,000 మందికి పైగా వచ్చారు. మూడో రోజు విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. మహమ్మద్ సిరాజ్ మూడు బంతులు కాచుకున్నాడు, నితీశ్ ఫోరు కొట్టి వంద పూర్తిచేశాడు. స్టాండ్లో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు పెట్టుకోవడం తెలుగునాట టీవీల ముందున్నవాళ్లంతా చూశారు. అంతమంది తీరిగ్గా కూర్చోవడానికి గేటు దగ్గర, క్యాంటీన్లో, ట్రాముల్లో ఎందరో పనిలో ఉన్నారు. ఆ మాటకొస్తే ఆ రోజు నితీశ్, సిరాజ్‌లు కూడా పనిలోనే ఉన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. కొనేవాడు బజారా, ఇల్లా అని తర్కించుకుంటుంటే, కౌంటరు వెనకున్న మనిషికి ఆ ఎంపిక ముందే అయిపోయి ఉంటుంది, అదీ వేరేవాళ్ల చేతుల్లో. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 చట్టం ప్రకారం 280 చదరపు మీటర్లు దాటిన దుకాణం 25న తెరవకూడదు. 26కి అలాంటి రక్ష లేదు. ఆ రోజు కూడా మూయించాలని లక్షమందికి పైగా సంతకాలు పెడితే 2016 డిసెంబరులో ఎంపీలు చర్చించారు. తెరవాలో మూయాలో వ్యాపారులే తేల్చుకోవాలని ప్రభుత్వం పక్కకి తప్పుకుంది. సెలవు రోజు పనికి అదనపు జీతం ఇచ్చి తీరాలన్న చట్టమూ అక్కడ లేదు. ఆల్డీ, జాన్ లూయిస్ లాంటి సంస్థలు ఇటీవలి ఏళ్లలో తమంత తామే ఆ రోజు మూస్తున్నాయి. కెనడాలో ఒంటారియో 1996లో చట్టం మార్చి దుకాణాలు తెరిపించింది. అట్లాంటిక్ తీరంలో చాలాచోట్ల మాత్రం అమ్మకాలు 27నే మొదలవుతాయి. తగ్గింపు ధరలు ఒక రోజు ఆగినంత మాత్రాన అక్కడ వ్యాపారాలేం మూతపడలేదు.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ ఇంకో దారి పట్టింది. అంతకుముందు సిడ్నీ నడిబొడ్డు, మరికొన్ని చోట్లకే పరిమితమైన 26 నాటి వ్యాపారాన్ని 2015లో రాష్ట్రమంతటికీ ప్రయోగంగా అనుమతించి, 2017లో స్థిరం చేసింది. షరతు ఒకటి పెట్టింది: ఆ రోజు పనిచేసేవాళ్లు తమ ఇష్టపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. చదవడానికి ముచ్చటగా ఉంది. వచ్చేవారం షిఫ్టులు మేనేజరు దయ మీద ఆధారపడినవాడి ఇష్టం ఎంత స్వతంత్రమో ఆ చట్టం కొలవలేదు.

అయితే అవతలి గొంతు కూడా వినాలి. వరంగల్ నుంచో విజయవాడ నుంచో అప్పు చేసి సిడ్నీ వెళ్లిన విద్యార్థికి 26 ఒక పంట. చదువు నడిచేటప్పుడు పక్షానికి 48 గంటలే పనిచేయాలన్న నిబంధన డిసెంబరు సెలవుల్లో అడ్డురాదు. రిటైల్ కార్మికుల వేతన ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వ సెలవు రోజున క్యాజువల్ కార్మికుడికి మూల వేతనానికి రెండున్నర రెట్లు ఇవ్వాలి. దుకాణాలన్నీ మూసేస్తే అతనికి దక్కేది విశ్రాంతి కాదు, ఖాళీ రోజు. కార్మికుడి మేలు కోరి బజారు మానేసిన సహృదయుడి మీద ఆ విద్యార్థికి కోపం రావడంలో వింతేమీ లేదు. తెరిచిన తలుపు సిడ్నీలో ఒకరికి రెండున్నర రెట్ల కూలి, బ్రిటన్‌లో పసిబిడ్డను ఇంట్లో వదిలి మామూలు జీతానికి వచ్చిన ఇంకొకరికి ఇంటివాళ్లతో గడపాల్సిన పండగలో కోత. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో ఆర్డరిచ్చినా ఈ లెక్క తప్పదు. గోదాములో డబ్బా కట్టేవాళ్లు, వ్యాను నడిపేవాళ్లు కంటికి కనబడరంతే.

తెలంగాణలో ఇటీవలి ఏళ్లుగా డిసెంబరు 26 సాధారణ సెలవు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఐచ్ఛిక సెలవు. హైదరాబాద్ సచివాలయం గుమాస్తా ఆ రోజు క్రాచిట్‌లా పరుగెత్తనక్కర్లేదు. అమీర్‌పేట, కోఠి, అబిడ్స్ దుకాణాల సిబ్బందికి మాత్రం అది మామూలు రోజు కూడా కాదు. సెలవున్నవాళ్లంతా సంక్రాంతి బట్టలకని వచ్చే రద్దీ రోజు. దుకాణాల్లో రోజంతా నిలబడే ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం మార్చాయి. చీరల అంతస్తులో పొద్దున పది నుంచి నిలబడ్డ అమ్మాయికి పండగ మర్నాడు సెలవు కన్నా ముందు కావాల్సింది ఒక స్టూలు. సెలవున్న కుటుంబం ఆ రోజు బజారుకి వెళ్లాలా అంటే, వెళ్లొచ్చు. పొద్దున్నే, ఏం కావాలో ఇంట్లోనే అనుకుని, ఇల్లాలు గిన్నెలు తోముతుండగా కాకుండా ఆమెతో కలిసి. రాత్రి తొమ్మిదిన్నరకి, షట్టరు సగం దించాక లోపలికి దూరి ముప్పై చీరలు విప్పించి, రేపొస్తామని లేచిపోయే రకం వాళ్లు మాత్రం ఆ రేపే రావచ్చు.