వినేవాడి వంతు

మా ఐటీ వాళ్ళకి ‘ఇంటరాక్టివ్’ అంటే తేలిక: ఇటు ఏదో నొక్కితే అటు ఏదో జరగాలి. నాటకాల్లోనూ ఈ మాటని దాదాపు ఇదే అర్థంలో వాడేస్తున్నారు. నటుడు అడగాలి, ప్రేక్షకుడు పలకాలి. కానీ వేదిక మీద ఒక్కడే నిలబడి ఎదిగే వయసులోని భయాల్నీ సిగ్గుల్నీ చెప్పుకుంటుంటే, వింటున్న మనం అతనికి ఏం బాకీ పడతాం?

మనోజ్ షా దర్శకత్వంలో ప్రతీక్ గాంధీ చేసిన ‘మోహన్ నో మసాలో’ గుజరాతీ ఏకపాత్ర నాటకం. మహాత్ముడు కాకముందు మోహన్‌దాస్ ఎలా పెరిగాడన్నది దాని కథ. ఈ సరుకు ఏకపాత్రకి కుదరడంలో వింతేం లేదు. 1925 నుంచి ‘నవజీవన్’లో గుజరాతీలో వచ్చిన ఆత్మకథ కూడా ఒక్క గొంతు మనతో చెప్పుకోవడమే. పెద్దలు ఒప్పుకోకపోతే ఏదీ చేయలేమన్న ఉక్రోషంతో, ఒక బంధువుతో కలిసి ఉమ్మెత్త గింజలు తెచ్చుకుని చచ్చిపోదామనుకున్న పిల్లాడు అందులో ఉన్నాడు. అన్న దండకడియం నుంచి బంగారం ముక్క దొంగిలించిన పదిహేనేళ్ళ కుర్రాడూ ఉన్నాడు.

ఈ రెండోవాడు తప్పు ఒప్పుకుంటూ చీటీ రాసి, మంచం పట్టిన తండ్రి చేతికిస్తాడు. తండ్రి చదువుతాడు. కళ్ళనీళ్ళు కాగితాన్ని తడుపుతాయి. కాసేపు కళ్ళు మూసుకుని, చీటీ చింపేసి, మళ్ళీ పడుకుంటాడు. తీర్పు లేదు, సలహా లేదు. అయినా తన మాట చేరిందని కొడుక్కి తెలిసింది. ప్రేక్షకుడంటే ఇలా ఉండాలనిపిస్తుంది నాకు.

అయితే ఉమ్మెత్త గింజలు పట్టుకున్న పిల్లాడి ముందు ఇదే మౌనం పనికిరాదు. అక్కడ ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. డంకన్ మెక్‌మిలన్ ఇంగ్లీషు నాటకం ‘ఎవ్రీ బ్రిలియంట్ థింగ్’ ఇక్కడే గుర్తొస్తుంది. తల్లి ఆత్మహత్యాయత్నం చేశాక ఏడేళ్ళ పిల్లాడు ఆమె కోసం లోకంలోని మంచి సంగతుల జాబితా మొదలుపెడతాడు. మొదటిది ఐస్‌క్రీమ్. ఇదీ ఏకపాత్రే, కానీ ప్రేక్షకులకి చీటీలు పంచుతారు. మన నంబరు పిలిస్తే చీటీలో ఉన్నది చదవాలి. ఒకచోట నటుడు తండ్రి అవుతాడు, మనలో ఒకరు ఆ పిల్లాడు. అనాల్సింది ఒకే మాట, పదే పదే: “ఎందుకు?”

గమనించండి, ఇక్కడ మన సొంత దుఃఖాన్ని ఎవరూ అడగలేదు. మోయగలిగినంత మాటే చేతికిచ్చారు. ‘మీ గాయమేంటో చెప్పండి’ అని మైకు ముందుకు చాపడం వేరు. నాలుగు వందల కళ్ళ ముందు ‘వద్దు’ అనడం ఎంత కష్టమో తెలిసీ అడగడం అది. తెలిసో తెలియకో నటుడు అక్కడ తన బరువుని మన మీదకి తోసేస్తాడు.

కాబట్టి నాటకం నన్ను మాట్లాడించిందా లేదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. నాకు నోరు మూసుకునే హక్కు మిగిల్చిందా? రేపు ఇంట్లో ఒకరు గదిలోంచి రెండ్రోజులుగా బయటికి రాకపోతే, తలుపు తట్టి “ఏమైంది?” అని అడిగే ధైర్యం ఇచ్చిందా? రెండూ ఇస్తే అదే ఇంటరాక్టివ్.