ఎవరి వేగంతో?

ఆదివారం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డు మీద రెండు రకాల సైకిళ్లు భీమిలి వైపు పోతుంటాయి. ఒకటి కొత్త రకం: తేలికైన చట్రం, సన్నటి టైర్లు, వెనక చక్రం దగ్గర అంచెలంచెలుగా పళ్లచక్రాలు. నీళ్ల సీసా తప్ప దాని మీద బరువేమీ ఉండదు. రెండోది గేర్లు లేని నల్లటి పాత సైకిలు. క్యారియర్‌కి పాల క్యానో చేపల బుట్టో కట్టి ఉంటుంది. రుషికొండ దగ్గర ఎత్తు వచ్చేసరికి ఇద్దరికీ చెమట ఒకేలా పడుతుంది, తొడలు ఒకేలా మండుతాయి. పైకి చేరాక ఒకాయన హాయిగా ఉందంటాడు. రెండో ఆయన ఏమీ అనడు, బేరం ఆలస్యమవుతుందని తొక్కుకుంటూ పోతాడు. ఎత్తు ఒకటే, మనిషి ఒళ్లు ఒకటే. మరి ఒకరికి ఆనందమైనది ఇంకొకరికి ఎందుకు కాలేదు?

ఉన్నవాళ్ల సరదా, లేనివాళ్ల బతుకు అని తేల్చేయడం సులువు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ మాటతో ఆపేస్తే అసలు చిక్కు విడదు. డబ్బున్న మనిషి కారులో పోవచ్చు కదా, ఆయాసాన్ని ఎందుకు కోరి తెచ్చుకుంటున్నాడు? శృంగవరపుకోట, బొడ్డవర దాటి అనంతగిరి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టినవాళ్లను చూడండి. 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న అరకు దాకా మలుపు మీద మలుపు. ఊపిరి అందదు, అయినా మొహంలో ఒక వెలుగుంటుంది. ఆ వెలుగు నిజమైనదనే నా నమ్మకం. దాన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. అది ఎక్కడ నుంచి వస్తోందో మాత్రం అడగాలి.

ఈ ప్రశ్నకు ఒక జవాబు ఫ్రాన్సులో దొరుకుతుంది. అక్కడ సెంతెత్యెన్ అనే ఊరు మన విశాఖకు దూరపు చుట్టంలా ఉంటుంది: చుట్టూ కొండలు, మధ్యలో ఒకప్పుడు బొగ్గు, ఉక్కు, ఆయుధాల కార్ఖానాలు, సైకిళ్ల తయారీ. పోల్ ద వివీ (1853–1930) ఆ ఊళ్లోనే ఉండి ‘వెలోసియో’ అన్న కలం పేరుతో సైకిలు యాత్రల గురించి పత్రిక నడిపాడు. ఊరికి దక్షిణాన 1161 మీటర్ల ఎత్తున ఒక కనుమ ఉంది, కోల్ ద లా రెపుబ్లిక్. 1903లో మొట్టమొదటి టూర్ డి ఫ్రాన్స్ ఆ కనుమ మీదుగానే సాగింది. వెలోసియోకి మాత్రం పందేల మీద మోజు లేదు. సైకిలుకు గేర్లుండాలని ఆయన జీవితమంతా వాదించాడు. టూర్ నిర్వాహకుడు హెన్రీ దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. కండబలమే గెలవాలి, యంత్రం సాయం చేయకూడదన్నది ఆయన పట్టుదల. గేర్లు మార్చే యంత్రాన్ని టూర్‌లోకి రానిచ్చింది 1937లో, అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్లు.

ఆ తగవు పైకి యంత్రం గురించే, లోపల మాత్రం మనిషి గురించి. గేరు వేసినంత మాత్రాన కొండ తగ్గదు. పైకి ఎత్తాల్సిన బరువూ తగ్గదు. ఆ పనిని నీ ఊపిరికి సరిపడేటట్టు చిన్న చిన్న ముక్కలుగా పంచి ఇస్తుంది, అంతే. ముసలివాడైనా బలహీనుడైనా తన వేగంతో తాను ఎక్కొచ్చు. ఎవరినో ఓడించాలన్న అహంతో తొక్కవద్దని వెలోసియో పదే పదే చెప్పింది ఇందుకే. 1891లో మొదలైన పారిస్-బ్రెస్ట్-పారిస్ ఇవాళ పందెం కాదు. 1200 కిలోమీటర్లు 90 గంటల్లో పూర్తి చేస్తే చాలు, ఎవరు ముందు ఎవరు వెనక అన్న లెక్క లేదు. మన దేశంలో ‘బ్రెవే’ అన్న పేరుతో జరిగే 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలది ఈ సంప్రదాయమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు. ఆ గడువు లోపల నీ వేగం నీదే. మధ్యలో చాలనిపిస్తే దిగి ఇంటికి పోవచ్చు, అడిగేవాళ్లుండరు.

ఘాట్ రోడ్డు మీద మొహాల్లో కనిపించే వెలుగు ఇక్కడిదే అనుకుంటాను. కష్టంలో గొప్పతనమేమీ లేదు. కష్టపడే వేగం మన చేతిలో ఉండటం, ఆగాలనుకుంటే ఆగగలగటం, ఈ రెండింటి వల్లే చెమట ఆనందమవుతోంది.

ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వెయిల్ ఈ విషయాన్ని ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకుంది. 1931–32లో ల పుయ్ అనే ఊళ్లో తత్వశాస్త్రం పాఠాలు చెబుతూ, సెలవు దొరికితే సెంతెత్యెన్ వెళ్లి గని కార్మికులకు చదువు చెప్పేది. 1934 చివర్లో ఉద్యోగానికి సెలవు పెట్టి పారిస్ ఫ్యాక్టరీల్లో కూలికి చేరింది. అక్కడ ఆమెను కుంగదీసింది పని బరువొక్కటే కాదు, వేగం. గంటకు ఇన్ని ముక్కలు తీయాలని ఇంకెవరో నిర్ణయిస్తారు. ఆ వేగంతో చేయాలంటే ఆలోచించడం మానెయ్యాలి. బానిసత్వమంటే ఏమిటో తనకు అక్కడే తెలిసిందని ఆమె రాసుకుంది. ఆమె గురించి ఒక మాట అనక తప్పదు: ఆమె ఆ పని మానుకోగలిగింది. పక్కన నిలబడి పనిచేసిన ఆడవాళ్లకు ఆ అవకాశం లేదు. కోరి మోసిన కష్టం, తప్పక మోసే కష్టానికి ఎంత దగ్గరికి వెళ్లినా అదే కాలేదు. నిజాయితీగల మనిషి ఆ ఎడాన్ని దాచకూడదు.

ఇక మన విశాఖ ఉక్కు కర్మాగారం సంగతి. అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లున్నాయి. అవి రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. ఎ, బి, సి షిఫ్టులు వాటిని బట్టి నడుస్తాయి. అక్కడ పనిచేసినవాళ్లు నైపుణ్యం గురించి చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో గర్వముంటుంది. అందుకే వెయిల్ చెప్పిన దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించలేం. నేర్పు ఉన్నచోట, యూనియన్ ఉన్నచోట, పని మీద మాట చెల్లేచోట వేగం కొంతైనా కార్మికుడి చేతిలోకి వస్తుంది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చారు. 2021 జనవరిలో కేంద్రం కర్మాగారాన్ని పూర్తిగా అమ్మేయాలని నిర్ణయించాక కార్మికులు మళ్లీ రోడ్డెక్కారు. జీతం మాట ఒక్కటే అయితే ఇంత పోరాటం సాగేది కాదు. తమ రేపు ఎలా ఉండాలో చెప్పే హక్కు తమకుండాలన్నది ఆ గొడవ.

సైకిలు మీద పోయేవాడికి ఇవన్నీ కనిపిస్తాయా అంటే, కనిపించే వీలుంది. కారు అద్దంలోంచి అనంతగిరి ఒక దృశ్యం. సైకిలు వేగంలో అది ఊరవుతుంది: కట్టెల మోపుతో ఎదురొచ్చే ఆడవాళ్లు, కాఫీ తోటల్లో పనిచేసేవాళ్లు, కొండ కడుపులోంచి బైలదిల్లా ఇనుప ఖనిజంతో దిగే గూడ్సు బండి. కొత్తవలస-కిరండోల్ లైను 1960లలో వేసింది ఈ ఖనిజాన్ని రేవుకు చేర్చి జపానుకు పంపడానికే. ఆ లైను మీదే శిమిలిగూడ ఉంది, ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని పేరు. ఖనిజం కిందికి దిగడానికి యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. అదే మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి నెలలు నిండిన ఆడమనిషిని వెదురు కర్రకు కట్టిన డోలీలో మోసుకుని దిగుతారు. ఆ మోసేవాళ్లకు మధ్యలో ఆగే వీల్లేదు. ఆ దారిలో సరదాగా ఎక్కుతున్న మనిషి సిగ్గుపడి ఇంటికి పోవాలా? అక్కర్లేదు. తనకున్న స్వేచ్ఛ ఎంత అరుదో తెలిసినవాడు దాన్ని ఇంకొకరి కోసం అడగకుండా ఉండలేడు, అడగాలి కూడా.

కాదనగలిగే స్వేచ్ఛకు ఇక్కడే ఒక పాత కథ ఉంది. భీమిలి నుంచి లోపలికి తిరిగితే పద్మనాభం వస్తుంది. 1794లో ఈస్టిండియా కుంపిణీవాళ్లు బకాయిల పేరుతో విజయనగరం చిన్న విజయరామరాజును సంస్థానం వదిలి మచిలీపట్నం పొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు, పద్మనాభం చేరాడు. జూలై 10న అక్కడే యుద్ధంలో పోయాడు. వెళ్లనని చెప్పిన రాజుకు తేదీ దొరికింది, చరిత్రలో చోటు దొరికింది.

ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. దానికోసం ఖాళీ అయినవి అరవై నాలుగు ఊళ్లని ఇక్కడి వాళ్లు చెబుతారు. ఆ ఊళ్ల వాళ్లను కూడా పొమ్మన్నారు. ఇళ్లూ పొలాలూ పోయినవాళ్లకు పునరావాసపు ‘ఆర్ కార్డులు’ ఇచ్చారు. ఉద్యోగం కోసం ఆ కార్డు పట్టుకుని తండ్రులు తిరిగారు, తర్వాత కొడుకులు తిరిగారు. ఉక్కు మనకు కావాలా అంటే కావాలి, నేనూ అంటాను. మరి ఆ ఊళ్ల వాళ్లను ఆ మాట ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే కొందరు ఇష్టంగానే ఇచ్చేవారేమో. అడగకుండా తీసుకున్న దాన్ని త్యాగమని పొగడటం నాకు ఎప్పుడూ మింగుడు పడదు. త్యాగం చేయాలంటే కాదనే వీలుండాలి.

ఫ్రాన్సులో దాదాపు ప్రతి పల్లెలోనూ మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆ ఊరివాళ్ల పేర్లు చెక్కిన రాయి ఉంటుంది. కొండ ఎక్కుతూ నీళ్లకోసం ఆగిన యాత్రికుడు ఆ పేర్లు చదువుతాడు. మన సైకిలు బృందాలు తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్తూపాల దాకా, ఎర్రమట్టి దిబ్బల దాకా, అప్పికొండ శివాలయం దాకా పోతుంటాయి. గాజువాక దాటాక పునరావాస కాలనీల మీదుగా కూడా ఒక దారి వేసుకోవచ్చు. అక్కడ ఇంకా బతికున్న పెద్దవాళ్లను ఆ ఊళ్ల పేర్లు అడిగి రాసుకోవచ్చు. చెరువు ఎక్కడుండేదో, అమ్మవారి గుడి ఎటుండేదో వాళ్లే చెబుతారు. తొందర లేని వాళ్లు చేయగల పని అది. వాళ్లు చెప్పిన అరవై నాలుగు పేర్లూ దారి పక్కన రాళ్ల మీద చెక్కించమని నగరపాలక సంస్థనూ కర్మాగారాన్నీ గట్టిగా అడగాలి, ఆ పెద్దవాళ్లు ఉండగానే.