విత్తనముతో ఇచ్చు మాట

పెరటిలో పూచిన హాలీహాక్ మొక్కనుండి విత్తులు తీసి పొరుగింటివారి చేతిలో పెట్టునప్పుడు మనము వారికేమి మాట ఇచ్చుచున్నాము? ప్రశ్న చిన్నదివలె తోచును. గుంటూరు సీమలో విత్తనమను మాటకు గల బరువు ఎరిగినవారికి అట్లు తోచదు.

నిలువుకాడపై ఆరేడడుగుల ఎత్తున పూచు ఈ మొక్క సీమపేరు పెట్టుకొన్నను మనకు పరాయిది కాదు. పత్తి, బెండ, గోంగూర, మందారము దీని చుట్టములే. పూవు నడుమ నిలిచిన కేసరముల కంబమును చూచినచో ఆ చుట్టరికము తెలియును. చలిదేశములలో ఇది విత్తిన మరుసటియేడు పూచును. మన వేసవికి తాళజాలదు గనుక ఆశ్వయుజ కార్తికములలో విత్తి మాఘ ఫాల్గునములలో పూలు చూడవలెను. నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళును. ఇసుకయు చివికిన పెంటయు కలిపి మడిని ఎత్తు చేయవలెను. తల్లివేరు లోతునకు దిగునది కావున నారు పెరికి నాటుటకంటె, ఉండవలసినచోటనే విత్తి పలుచగా మన్ను కప్పుట మేలు.

ఎండినకాయలో విత్తులు బండిచక్రమువలె అమరియుండును. చిక్కంతయు వానిలోనే కలదు. తేనెటీగలు ఒక మొక్క పుప్పొడిని వేరొకదానికి చేర్చును. ఎర్రపూల తల్లికి గులాబిరంగు బిడ్డ పుట్టవచ్చును; ముద్దపూవు విత్తునుండి ఒంటిరేకు పూవు రావచ్చును. కావున “ఇవి ఎర్రపూల విత్తులు” అనుట సత్యము కాదు. “ఎర్రగా పూచిన మొక్కవి, ఏమి పూచునో చెప్పజాలము” అనుటయే సత్యము.

ఊరక ఇచ్చినదానికి పూచీ ఎందుకని కొందరడుగుదురు. పుచ్చుకొన్నవారు మాత్రము ఊరక పుచ్చుకొనుట లేదు. వారు జానెడు నేలను, అయిదు నెలల నీటిని, ప్రతి ఉదయపు ఆశను మనమాటమీద పెట్టుచున్నారు. పెరటిలో ఈ నష్టము స్వల్పము. మిరపచేనిలో ఎట్టిదో రైతు నడుగవలెను. సంచిమీది బొమ్మను నమ్మి, కౌలు కట్టి, అప్పు తెచ్చి, తుదకు కాయపట్టని తోటను చూచినవానికి అది ఒక ఏటి బ్రతుకు. లాం పరిశోధనస్థానపు ఎల్.సి.ఎ. 334 వంటి సూటిరకమైనచో తన కాయలనుండియే విత్తు తీసికొనగలడు. సంకరరకపు విత్తు మరుతరమున తల్లిని పోలదు గనుక ఏటేట అంగడికి పోవలసినదే. దిగుబడికై ఆ దారి పట్టిన రైతును మేము తప్పుపట్టము. పోయినకొలది అతడు పరుల మాటకు మరింత లోబడుచున్నాడనుట మాత్రము నిజము.

1966 నాటి విత్తనచట్టము ప్రకటితరకములకు కనీసపు మొలకశాతమును, శుద్ధతను నిర్ణయించి, సంచికి చీటీ ఉండవలెనన్నది. 2001 నాటి చట్టము రైతు తన విత్తును దాచుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, అమ్మవచ్చును గాని, రక్షితరకమును వ్యాపారముద్రతో అమ్మరాదన్నది. ఇందు మాకొక ధర్మసూక్ష్మము కనబడుచున్నది. ఎదురింటివాని విత్తు మొలవకున్న రేపుదయమే అతనిని అడుగవచ్చును. సంచికి మొగము లేదు. దాని మాటకు చట్టమే కావలి ఉండవలెను. నకిలీ విత్తనములు నేటికిని దొరుకుచున్నవనగా ఆ కావలి చాలలేదనుట.

సత్యమునకు వెరచి, తెలియనిది ఈయరాదని విత్తులను డబ్బాలో మగ్గబెట్టువారును కలరు. అది మాకు సమ్మతము కాదు. ఏండ్లు గడచిన విత్తునకు మొలకెత్తు శక్తి తగ్గిపోవును. పొట్లముమీద తల్లిమొక్క రంగును, కోసిన నెలను, ప్రక్కనే పూచిన తక్కిన రంగులను వ్రాసి ఇచ్చుట మా ఇంటి వాడుక. అది చదివి, తెల్లనివే కావలెనని పొట్లము మరల చేతిలో పెట్టినవారును కలరు. వారు అంగడిలో కొనుక్కొందురు.