వానలో దక్కిన పోల్

రేసు ప్రారంభ స్థానాలను తేల్చే ఫార్ములా వన్ క్వాలిఫైయింగ్ మధ్యలో వాన పడి, ఎవరూ ఊహించని డ్రైవర్‌కు మొదటి స్థానమైన పోల్ పొజిషన్ దక్కితే అభిమానులు రెండుగా చీలిపోతారు. అది అతని ప్రతిభ అని కొందరు, అంతా వాన చలవ అని మరికొందరు. మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడిగినదీ ఇలాంటి ప్రశ్నే: దైవం బలమైనదా, పురుషకారమా? మనిషి చేతిలో లేనిది ఫలంలో కలిసినప్పుడు ఆ ఫలం మీద అతనికి ఎంత హక్కు ఉంటుందన్నది ఇక్కడి సమస్య.

2022 నవంబర్ 11న బ్రెజిల్‌లోని ఇంటర్లాగోస్ ట్రాక్ మీద జరిగిన క్వాలిఫైయింగ్ దీనికి చక్కని ఉదాహరణ. మూడో దశకు పదిమంది మిగిలారు. వాన ముంచుకొస్తోందని తెలిసిన హాస్ జట్టు కెవిన్ మాగ్నుసెన్‌ను పిట్ లేన్ చివర అందరికంటే ముందు నిలబెట్టింది. అతను 1 నిమిషం 11.674 సెకన్లలో ల్యాప్ పూర్తి చేశాడు. మాక్స్ వెర్‌స్టాపెన్ 0.203 సెకన్లు వెనకబడ్డాడు. అంతలో జార్జ్ రస్సెల్ కారు కంకరలో కూరుకుపోయింది. ఎనిమిది నిమిషాలకు పైగా సమయం మిగిలి ఉండగానే రెడ్ ఫ్లాగ్ పడింది. ట్రాక్ మళ్లీ తెరిచేసరికి వాన పెరిగింది, ఇక ఎవరూ సమయాన్ని మెరుగుపరచుకోలేకపోయారు. 2016లో రంగప్రవేశం చేసిన హాస్‌కు అదే తొలి పోల్, మాగ్నుసెన్‌కూ అదే మొదటిది.

వాన లేకపోతే ఇది జరిగేది కాదనే వాదనలో నిజం ఉంది. ఆ ఏడాది హాస్ పది జట్లలో ఎనిమిదో స్థానంలో ముగించింది, వెర్‌స్టాపెన్ ఏకంగా 15 రేసులు గెలిచాడు. అయితే ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్తే వాన దగ్గరే ఆగడం కుదరదు. పొడి రోజున వెర్‌స్టాపెన్‌ను ముందు నిలబెట్టే రెడ్ బుల్ కారు కూడా అతను చేసుకున్నది కాదు, వందలమంది ఇంజనీర్లు చేసిపెట్టినది. మాగ్నుసెన్‌కు ఆ సీటు రావడం కూడా అలాంటిదే. 2020 తర్వాత హాస్ అతన్ని వదులుకుంది. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగాక హాస్‌తో రష్యన్ డ్రైవర్ నికితా మాజెపిన్ ఒప్పందం రద్దు కావడంతో అతనికి మళ్లీ పిలుపు వచ్చింది. తన ప్రమేయం లేనివన్నీ తీసేస్తే ఏ డ్రైవర్‌కూ సొంతమని చెప్పుకోవడానికి దాదాపు ఏమీ మిగలదు.

నైతిక రంగంలో ఈ చిక్కును తత్త్వవేత్తలు బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ 1976లో చర్చకు పెట్టారు. మనుషుల చేతిలో లేని పరిణామాలను బట్టి కూడా వారిని మెచ్చుకోవడం, నిందించడం జరుగుతుందని వారు గుర్తించారు. 2010 మలేసియా క్వాలిఫైయింగ్ దీన్ని స్పష్టంగా చూపిస్తుంది. సెపాంగ్‌లో వాన కాస్త తగ్గుతుందని ఫెరారీ, మెక్‌లారెన్ మొదటి దశలో ఆగి చూశాయి. వాన ముదిరింది. ఆ జట్ల డ్రైవర్లు అలోన్సో 19, హామిల్టన్ 20, మాసా 21 స్థానాల్లో మిగిలిపోయారు. వాన నిజంగా తగ్గి ఉంటే అదే నిరీక్షణను తెలివైన ఎత్తుగడ అనేవారు. చేసిన పని ఒక్కటే, దాని పేరును మాత్రం మేఘాలు నిర్ణయించాయి.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఈ ముడిని మరోలా విప్పుతుంది. ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, వేర్వేరు చేష్టలు, దైవం అని ఐదు కారణాలను చెబుతుంది. ఆ దైవం ఇంద్రియాల అధిదేవతలని శంకరులు, అంతర్యామి అయిన పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. ఇద్దరి దృష్టిలోనూ అది గుడ్డి అదృష్టం కాదు. కాబట్టి వానను తిన్నగా దైవం ఖాతాలో వేయడం సరికాదు. పనికొచ్చేది ఆ లెక్క తీరు: దైవం అక్కడ కర్తకు పోటీదారు కాదు, మిగతా నాలుగింటితో కలిసి పనిచేసేది. కర్తను తానొక్కడినే అనుకునేవాడు సరిగా చూడడం లేదని కూడా గీత అంటుంది. ప్రతిభా, వానా అని ఒకదాన్నే ఎంచుకోమనడంలోనే పొరపాటు ఉంది.

ఇంటర్లాగోస్‌లో హాస్ రెండో కారు నడిపిన మిక్ షుమాకర్ మొదటి దశలోనే 20వ స్థానంతో ఇంటిదారి పట్టాడు. ట్రాక్ స్థితి దశ దశకూ మారింది గనుక ఈ పోలిక సంపూర్ణం కాదు. అయినా ఒకే రకం కారు, ఒకే సాయంత్రం, ఒకరు మొదట, మరొకరు చివర. వాన అవకాశం ఇచ్చింది. వాన ముంచుకొస్తున్న వేళ పొడి టైర్లతో తప్పు లేకుండా ఆ ల్యాప్ తిప్పింది మాత్రం మాగ్నుసెనే.

అభిమానులు తరచూ కలిపేసే రెండు ప్రశ్నలు ఉన్నాయి. అందరిలో వేగవంతుడు ఎవరన్నది ఒకటి, పోల్ ఎవరికి చెందుతుందన్నది మరొకటి. మొదటిదానికి ఒక్క తడి సాయంత్రం సాక్ష్యం చాలదు. మర్నాడు జరిగిన స్ప్రింట్ అనే చిన్న రేసులో మాగ్నుసెన్ ఎనిమిదో స్థానానికి జారాడు, రస్సెల్ గెలిచాడు. రెండోది నియమాన్ని బట్టి తేలే విషయం. 2021 నియమం ప్రకారమైతే పోల్ స్ప్రింట్ విజేత పేరిట నమోదయ్యేది. 2022లో దాన్ని మార్చి క్వాలిఫైయింగ్‌లో ముందున్నవారికే చెందుతుందని ముందుగానే నిర్ణయించారు. అందుకే ఆ పోల్ మాగ్నుసెన్ పేరిటే రికార్డుల్లో ఉంది.