వంతు

చదువుకోవడానికి విదేశం వెళ్ళి వచ్చినవాళ్ళు రాసేవాటిలో మంచు ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది, సూట్‌కేసులో కారిపోయిన ఆవకాయ ఉంటుంది. మరుగుదొడ్డి మాత్రం ఉండదు. ఒక కొత్త దేశంలో కుదురుకోవడం గురించి రాస్తూ దాన్ని వదిలేస్తే అసలు విషయం వదిలేసినట్టేనని నాకనిపిస్తుంది.

పిహెచ్.డి. మధ్యలో రెండు సెమిస్టర్ల పాటు ఎక్స్‌ఛేంజ్ విద్యార్థినిగా హైడల్‌బర్గ్‌లో ఉన్నాను. 1962లో మొదలైన సౌత్ ఏషియా ఇన్‌స్టిట్యూట్ అక్కడ ఉండటంతో మన భాషల గురించి మాట్లాడుకోవడానికి మనుషులు దొరికారు. జర్మనీలో అద్దె గదిలో చేరాక రెండు వారాల్లోగా మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ కాగితం చేతికొచ్చాకే మిగతా పనులు కదులుతాయి. దాంతో ప్రభుత్వం నన్ను గుర్తించింది. ఆ ఇంట్లోవాళ్ళు మాత్రం వంటింటి తలుపుకి అంటించిన మరో కాగితంలో నా పేరు చేర్చాకే నన్ను తమ మనిషిగా లెక్కేశారు. దాన్ని పుట్స్‌ప్లాన్ అంటారు. శుభ్రం చేసే పనులకు వేసుకున్న వంతుల పట్టిక. ఎనిమిది గదులు, ఒక వంటిల్లు, రెండు మరుగుదొడ్లు. ఒక వారం వంటిల్లు తుడవాలి. ఒక వారం చెత్త - కాగితాలు, వంటింటి వ్యర్థాలు, ప్యాకింగ్ కవర్లు, మిగిలినవి - వేటికవి విడిగా కింద డబ్బాల్లో వెయ్యాలి. ఒక వారం మరుగుదొడ్లు కడగాలి. ఆడా మగా తేడా లేదు, ఏ దేశమన్నది లేదు. పేరుంటే వంతుంది.

వంతు అనే మాట మనకు కొత్తది కాదు. చేలకు నీటి వంతు ఉంది. గుళ్ళో అర్చకులకు వంతులున్నాయి. ఉమ్మడి కుటుంబాల్లో తోడికోడళ్ళు వంటకు వంతులు వేసుకున్నారు. అయితే మన వంతులన్నిట్లో ఒక సంగతి ఉంది. వంతు ఎవరెవరి మధ్య తిరగాలో ముందే గిరి గీసి ఉంటుంది. తోడికోడళ్ళ వంతులోకి వాళ్ళ మొగుళ్ళెవరూ రారు. అర్చకుల వంతులోకి వాళ్ళ భార్యలు రారు. ఇక మరుగుదొడ్డి ఏ వంతులోనూ లేదు. దానికి కులం ఉంది. మా ఇంటికి వారానికోసారి ఒకామె వచ్చేది. పెరటి గుమ్మంలోంచే వచ్చి, అట్నుంచే వెళ్ళేది. అమ్మ ఆమెకిచ్చే టీ గ్లాసు గూట్లో విడిగా బోర్లించి ఉండేది. ఇల్లంతటికీ చాకిరీ చేసే అమ్మ కూడా ఆ ఒక్క పని దగ్గర యజమానురాలే.

అందుకే ఆ జర్మన్ కాగితం మన పిల్లల్ని రకరకాలుగా ఇబ్బంది పెట్టింది. మా అంతస్తులో ఇద్దరు తెలుగు అబ్బాయిలుండేవాళ్ళు. మంచివాళ్ళే. వాళ్ళ వంతు వచ్చిన వారం నా తలుపు తట్టేవాళ్ళు. "అక్కా, ఈ వారం పరీక్షలున్నాయి, నాది కూడా నువ్వే చేసెయ్యవా?" అదే కారిడార్‌లో ఉన్న చెక్ అమ్మాయిని గానీ, జర్మన్ అబ్బాయిని గానీ వాళ్ళు ఎప్పుడూ అడగలేదు. వాళ్ళను పిలవడానికి పేరే ఉంది, వరస లేదు. అక్క అన్న మాటలో ప్రేమ ఎంతుందో చాకిరీ మీద హక్కు కూడా అంతే ఉందని నాకు తెలుగు దేశంలో ఉన్నన్నాళ్ళూ అంత స్పష్టంగా కనిపించలేదు. "తమ్ముడూ, పరీక్షలు నాకూ ఉన్నాయి" అనేదాన్ని. నవ్వేసి, గొణుక్కుంటూ వెళ్ళి కడిగేవాళ్ళు. "మా అమ్మ చూస్తే ఏడుస్తుంది" అనేవాడు అందులో ఒకడు. ఆ అమ్మ ఎన్నేళ్ళుగా కడుగుతోందో తలుచుకుని ఏడ్చినవాళ్ళు ఎవరున్నారు?

2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పాల్గొనే పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చించేవారు. అప్పట్లో అసలు పాల్గొన్న మగవాళ్ళే నూటికి 26 మంది.

ఇదంతా అక్కడివాళ్ళ సంస్కారం, ఇది మన సంస్కారం అని తేల్చేస్తే పని సులువవుతుంది. కానీ అది నిజం కాదు. పశ్చిమ జర్మనీ పౌర చట్టంలో ఇల్లు నడపడం భార్య బాధ్యత అని 1977 దాకా రాసి ఉంది. సంసార బాధ్యతలకు అడ్డు రానంత వరకే ఆమె ఉద్యోగం చేసుకోవచ్చు. 1968 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వామపక్ష విద్యార్థి సంఘం మహాసభలో హెల్కే సాండర్, ఇంట్లో జరిగే దోపిడీని రాజకీయంగా చూడమని ఉపన్యసించింది. విప్లవ నాయకులు దాని మీద చర్చే అక్కర్లేదన్నట్టు తరువాతి అంశానికి వెళ్ళబోయారు. సీగ్రిడ్ ర్యూగర్ వాళ్ళ మీదికి టమాటాలు విసిరింది. ఆడవాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నదాంట్లో ఒక ముక్క నేను చూసిన ఆ కాగితం.

ఆ కాగితానికీ ఒక గిరి ఉంది. తెల్లవారుజామున మా డిపార్ట్‌మెంట్ మెట్లు తుడిచే ఆడవాళ్ళు తమలో తాము టర్కిష్‌లో మాట్లాడుకునేవాళ్ళు. 1961లో టర్కీతో కుదిరిన ఒప్పందం మీద కూలీలుగా పిలిపించుకున్న తరానికి వీళ్ళు కూతుళ్ళో మనవరాళ్ళో అయుంటారు. వాళ్ళ పనికి ప్రొఫెసర్లు వంతులు వేసుకోరు. సమానత్వం మా హాస్టల్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

మా పక్క గదిలో మరో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్నేహితురాలుండేది. తెలంగాణలో ఒక మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికురాలి కూతురు. ఈ వంతుల విషయం నేను ఉత్సాహంగా మాట్లాడుతుంటే విని విని ఒకరోజు అంది:

"నీకిది అనుభవం. రేపు వ్యాసం రాసుకుంటావు. నాకిది మా అమ్మ డ్యూటీ."

నేనేమీ అనలేదు. కాసేపాగి తనే అంది:

"కానీ ఒకటి చెప్తా. ఆ కాగితంలో నా కింద ఎవరి పేరుందో చూసినవా? ఆ మ్యూనిక్ పిల్లది. వాళ్ళ నాయిన డాక్టర్. ఈ వారం నేను కడిగింది వచ్చే వారం ఆమె కడగాలె. మా ఊళ్ళె మా అమ్మ తర్వాత మా అమ్మనే. ఆమె తర్వాత మా వదినె."

వంతు అంటే ఏమిటో నాకు తెలిసిన ఏ సిద్ధాంత గ్రంథమూ ఇంత సూటిగా చెప్పలేదు. పని బరువు కాదు మనిషిని కిందికి తొక్కేది, ఆ పని ఆమె దగ్గర్నుంచి ఇంకెవరికీ జరగకపోవడం.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో తన విదేశీ చదువు గురించి చెప్పిన మాట ఇక్కడ గుర్తొస్తుంది. ఐరోపా, అమెరికాల్లో గడిపిన కాలం తాను అంటరానివాడినన్న స్పృహనే చెరిపేసిందని ఆయన రాశారు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళిన మనిషి 1917లో బరోడా రాజు కొలువుకి వచ్చి దిగితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకుంటే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. పరాయి దేశంలో ఆయన మరచిపోగలిగినదాన్ని సొంత దేశం సామాను దించకముందే గుర్తు చేసింది. మాలాంటివాళ్ళకు జరిగేది దీనికి తలకిందులు. అక్కడ నేర్చుకున్నదాన్ని ఇక్కడ విమానం దిగగానే హాయిగా మరచిపోవచ్చు. మరచిపోయే సౌకర్యం ఎవరికుంది, ఎవరికి లేదు అన్నది కూడా కులమే నిర్ణయిస్తుంది.

అయితే వంతు వేసినంత మాత్రాన న్యాయం జరిగిపోతుందా? పరాయి దేశంలోనే జరిగిన మరో ఘట్టం చూడండి. 1898 ప్రాంతంలో డర్బన్‌లో గాంధీ ఇంట్లో గుమాస్తాలుండే గదుల్లో మూత్రపాత్రలు భార్యాభర్తలే శుభ్రం చేసేవాళ్ళు. పంచమ కుటుంబంలో పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా పాత్ర దగ్గరికొచ్చేసరికి కస్తూర్బా మనసొప్పలేదు. ఆమె ఏడుస్తూ మోసింది. అది చాలదు, నవ్వుతూ మొయ్యాలని ఆయన పట్టుబట్టి, చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు. ఈ దేశంలో అమ్మా నాన్నా లేని తను ఎక్కడికి పోవాలని ఆమె అడిగింది. తరువాత సిగ్గుపడుతూ ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. ఆమె అసహ్యం కులానిది. ఆయన బలవంతం మొగుడిది. రెంటిలో ఏదో ఒకదాని పక్షం తీసుకోమంటే నేను తీసుకోలేను. ఆదర్శం ఆయనది, గేటు తాళం కూడా ఆయన చేతిలోనే ఉంది. అలాంటి చోట వంతు ఇద్దరిదీ కాదు, ఆజ్ఞ ఒకరిది.

అందుకే ప్రశ్నను ఇలా పెట్టుకుంటాను. ఇతరుల చేత పని చేయించుకోవడమే తప్పా? కాదు. నాకు ఆపరేషన్ చెయ్యడం రాదు, బావి తవ్వడం రాదు. "నాకు రాదు" అని ఇంకొకరిని పిలిస్తే అందులో అవమానం లేదు, వాళ్ళ పనితనం మీద గౌరవమే ఉంది. మరుగుదొడ్డి కడగడం రానివాళ్ళు లేరు. అక్కడ మనం అనేది "నాకు రాదు" కాదు, "నాకు తగదు". ఒక పని నాకు తగదని అనుకున్న క్షణంలోనే అది తగిన మనిషి ఒకరు ఎక్కడో ఉన్నారని ఒప్పుకుంటున్నాను. రానిపని చేయించుకోవడం మనుషుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం. తగదనుకున్న పని చేయించుకోవడంలో, జీతం ఎంతిచ్చినా, అన్యాయం మిగిలే ఉంటుంది.

అయితే రేపట్నుంచి మన పని మనమే చేసుకుని ఆమెను మాన్పించేద్దామా? ఇది కూడా స్నేహితురాలినే అడిగాను. "మాన్పిస్తే మా అమ్మకు జీతం నువ్విస్తవా?" అంది. పని మాన్పించడం సులువు. దానివల్ల మన చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆమె పొయ్యి ఆరిపోతుంది. మరుగుదొడ్ల పాకీపని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొక చట్టం వచ్చాయి. చట్టం ఆ పనిని నిషేధించింది. ఆ పని వాళ్ళకే తగినదన్న నమ్మకాన్ని మన ఇళ్ళలోంచి తీసెయ్యలేకపోయింది. కనక నేను పెట్టుకోగలిగిన నియమం ఒక్కటే. నేను వంతు వేసుకోవడానికి సిద్ధపడని పనిని ఇంకొకరి చేత చేయించుకోను. సిద్ధపడ్డాక ఆమె జీతం, చేతి తొడుగులు, సెలవు, టీ గ్లాసు - వీటి గురించి మాట్లాడే తీరే మారుతుంది. ఎందుకంటే అప్పుడు మాట్లాడుతున్నది నేను కూడా చేసే పని గురించి.

ఎక్స్‌ఛేంజ్ అంటే మార్పిడి. మనల్ని పంపినవాళ్ళు జ్ఞానం మార్పిడి అనుకుంటారు. నివేదికల్లో హాజరైన సెమినార్లు రాస్తాం, కడిగిన మరుగుదొడ్ల లెక్క రాయం. తిరిగొచ్చాక నేను చేరిన లేడీస్ హాస్టల్లో పిహెచ్.డి. చేసే స్త్రీలం నలభైమందిమి ఉండేవాళ్ళం. మాలో చాలామంది స్త్రీవాదం మీదే పరిశోధన చేస్తున్నాం. బాత్‌రూములు కడిగే కాంట్రాక్టు ఆమె రెండు రోజులు రాకపోతే వార్డెన్‌కి ఫిర్యాదు రాశాం గానీ వంతుల కాగితం ఎవరూ రాయలేదు. నేను రాసి నోటీసు బోర్డుకి అంటించాను. మూడు పేర్లు పడ్డాయి. మూడోది బి.సి. హాస్టల్లో చదువుకుని వచ్చిన అమ్మాయిది. ఆమె తన పేరు రాసి, "అక్కా, అక్కడ మేం ఎప్పుడూ చేసుకునేవాళ్ళమే, ఇందులో కొత్తేముంది?" అని అడిగింది.

మనం ఏటా రచయిత్రుల శిబిరాలు పెట్టుకుంటాం. ఊరికి దూరంగా రెండు రోజులు కలిసి ఉంటాం. మాట్లాడుకోవడానికి ఎవరెప్పుడు అని వంతుల పట్టిక ముందే అచ్చువేస్తాం. దాని పక్కనే రెండో పట్టిక ఒకటి అంటిద్దాం: భోజనాల తర్వాత ఎవరు తుడవాలి, కప్పులు ఎవరు కడగాలి, మరుగుదొడ్లు ఎవరు కడగాలి. ముఖ్య అతిథి పేరు కూడా అందులో ఉండాలి. పెన్ను పక్కనే పెడదాం. ఎవరి చెయ్యి ఏ గడి దగ్గర ఆగిందో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది.